దండ వేసిన ఫొటోతో మొదలుపెట్టకు

అమ్మాయ్,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది, దాని గురించి టెన్షన్ పడకు. కానీ "త్యాగమూర్తి", "కరుణామయి", "నడిచే దేవత" అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయో పెన్సిలుతో గీతలు గీసి నువ్వే చూసుకో. అన్యాయం మీద పోరాడిన కేథలిక్ సిస్టర్ల (సన్యాసినుల) గురించి రాస్తానన్నావు. చదవడం అయ్యేసరికి వాళ్లు ఎంత మంచివాళ్లో తెలిసింది గానీ, వాళ్లు ఏం అడిగారో, ఎవర్ని అడిగారో, ఎవరికి కడుపు మండిందో తెలియలేదు. మంచిగా ఉన్నందుకు ఎవరూ కిరాయి ఇచ్చి మనిషిని చంపించరు కదా.

సిస్టర్ డొరొతీ స్టాంగ్ సంగతే తీసుకో. నువ్వు ఆమె చావుతో మొదలుపెట్టావు: 2005 ఫిబ్రవరి 12, బ్రెజిల్ అడవిలో మట్టిదారి, 73 ఏళ్ల మనిషి, చేతిలో బైబిలు, ఎదురుగా తుపాకీ. అందరూ అక్కడే మొదలుపెడతారు. ఆ దృశ్యం ముందే వచ్చేస్తే తర్వాత నువ్వేం చెప్పినా పాఠకుడి బుర్రకెక్కదు. ఆమె అమెరికాలోని ఒహాయోలో పుట్టింది. 1966లో బ్రెజిల్ వెళ్లింది, ఆ దేశ పౌరసత్వం తీసుకుంది, చివరికి పారా రాష్ట్రంలో అనాపు అనే ఊరు చేరింది. అక్కడ గొడవంతా భూమి గురించే. అమెజాన్ అడవిని కోసుకుంటూ ప్రభుత్వం పెద్ద రోడ్డు వేసి, భూమి లేనివాళ్లని వచ్చి సాగు చేసుకోమని పిలిచింది. వాళ్లతోపాటే కలప వ్యాపారులూ, పశువుల ఫారాల ఆసాములూ దొంగ కాగితాలు పట్టుకుని దిగారు. డొరొతీ పట్టుబట్టింది ఒక పథకం కోసం: ప్రభుత్వ భూమిని చిన్న రైతులకివ్వాలి, వాళ్లు కొద్దిమేర సాగు చేసుకుని మిగతాది అడవిగానే ఉంచాలి. అందుకోసం ఆమె ఏళ్ల తరబడి చేసిన పని ఆఫీసుల చుట్టూ తిరగడం, అర్జీలు పెట్టడం, అడవిని ఎవరు ఎక్కడ నరుకుతున్నారో అధికారులకు చెప్పడం. పోడు పట్టాల కోసం తిరిగి తిరిగి అలిసిపోయినవాళ్లని నువ్వు చూశావుగా, ఆ పని ఎంత విసుగో నేను చెప్పక్కర్లేదు. ఆ విసుగే రాయి.

తర్వాత కేసు గురించి కూడా నువ్వు "న్యాయం జరిగింది" అని ఒక్క ముక్కలో తేల్చావు. హత్య చేయించిన ఆసాముల్లో ఒకడికి 2007లో 30 ఏళ్ల శిక్ష పడింది. 2008లో మళ్లీ విచారణ జరిపి వదిలేశారు. 2010లో మళ్లీ శిక్ష వేశారు. అతన్ని వదిలేసిన ఏడాదే ఐక్యరాజ్యసమితి డొరొతీకి మరణానంతరం మానవ హక్కుల పురస్కారం ఇచ్చింది. ఈ తేదీలు వరసగా పెట్టు చాలు, ఇంక విశేషణాల అవసరం ఉండదు.

రాణీ మరియా దగ్గర ఇంకో చిక్కుంది. కేరళలో పుట్టిన ఆ సిస్టర్ మధ్యప్రదేశ్‌లో ఉదయ్‌నగర్ వైపు పనిచేస్తుండగా 1995 ఫిబ్రవరి 25న బస్సులోంచి లాగి పొడిచి చంపారు. ఒంటిమీద 54 గాయాలు. చంపిన సమందర్ సింగ్‌కి ఆమె సొంత చెల్లెలు జైలుకెళ్లి రాఖీ కట్టింది, అతను బయటికొచ్చాక ఆ ఇంటి మనిషయ్యాడు. 2017 నవంబరు 4న ఇండోర్‌లో రాణీ మరియాను ధన్యురాలిగా, అంటే పునీతురాలికి ముందు మెట్టుగా, చర్చి ప్రకటించింది. గొప్ప కథే, కాదనను. కాకపోతే రాఖీ ముందు అసలు విషయం చిన్నబోతోంది. ఆమె ఆదివాసులకు బ్యాంకు అప్పులు ఎలా తెచ్చుకోవాలో, ప్రభుత్వ పథకాలు ఎలా అడగాలో నేర్పింది. వడ్డీ వ్యాపారుల గిరాకీ పడిపోయింది. క్షమాపణకు మూడు పేజీలు, వడ్డీకి మూడు లైన్లు ఇచ్చావు. తిరగెయ్.

ఇక నువ్వు ఒక్క పేరాలో దాటేసిన సిస్టర్ జీన్ డెవోస్ దగ్గరే నీ వ్యాసానికి అసలు బలం ఉందని నాకనిపిస్తోంది. ఆమెను ఎవరూ చంపలేదు కాబట్టి నీకు ఆసక్తిగా అనిపించలేదేమో! బెల్జియం నుంచి 1960ల్లో మన దేశానికి వచ్చి, 1985లో ఇళ్లల్లో పనిచేసేవాళ్ల కోసం ఉద్యమం మొదలుపెట్టింది. అంట్లు తోమేవాళ్లని కార్మికులు అనడానికే ఎవరూ ఒప్పుకోని రోజులవి. 2011 జూన్ 16న జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. దాని నంబరు 189. అనుకూలంగా 396 ఓట్లు, వ్యతిరేకంగా 16, తటస్థంగా 63. మన ప్రభుత్వం సరేనని ఓటు వేసింది, కానీ ఆ ఒప్పందాన్ని ధ్రువీకరించలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త: దీన్ని సిస్టర్లు సాధించారని రాయకు. దేశదేశాల ఇంటిపనివాళ్ల సంఘాలు కష్టపడి తెచ్చుకున్నది అది. అందులో పనివాళ్లే స్వయంగా వెళ్లి మాట్లాడారు. మన దేశంలో దానికోసం గొంతెత్తినవాళ్లలో డెవోస్ మొదలుపెట్టిన ఉద్యమం ఒకటి. అంతవరకే.

ఇది మన గడపలోకి వచ్చే విషయం. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్‌కో ఒమాన్‌కో ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా, వెళ్లిన ఆడవాళ్లు ఎంతమంది లేరు? ముప్ఫై ఏళ్లు నిండని మహిళకు ఇంటిపనికి గల్ఫ్ వెళ్లడానికి ప్రభుత్వం అనుమతివ్వదు కాబట్టి ఏజెంటు విజిట్ వీసా మీద పంపేస్తాడు. దిగగానే కఫీల్, అంటే అక్కడి యజమాని, పాస్‌పోర్టు లాక్కుంటాడు. ఆ ఒప్పందంలో ఏముందో చూడు: పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండాలి, వారానికి వరసగా కనీసం 24 గంటలు సెలవివ్వాలి, దేశం దాటకముందే జీతం, పని షరతులు రాసిన కాగితం చేతికివ్వాలి. తిరిగొచ్చిన ఒకామె దగ్గర కూర్చుని ఈ మూడూ ఒక్కొక్కటే చదివి వినిపించు. పాస్‌పోర్టు మళ్లీ ఎప్పుడు కళ్లజూసింది, సెలవు రోజు ఉండేదా, చెప్పిన జీతమెంత, చేతికొచ్చిందెంత, అన్నీ అడుగు. జెనీవా ఓటుకూ ఆమె జవాబులకూ మధ్య ఉన్న దూరమే నీ వ్యాసం. 2009లో మొదలైన తలితా కుమ్ అనే సిస్టర్ల నెట్‌వర్క్ మనుషుల అక్రమ రవాణా మీద ప్రపంచమంతా చేస్తున్న పనిని కూడా అప్పుడు ప్రస్తావించు. ఇప్పుడు నువ్వు పెట్టినచోట అది సంస్థల జాబితాలా ఉంది.

ఇబ్బంది పెట్టే విషయాలు వదిలేశావు, అది నాకు నచ్చలేదు. మతమార్పిడి ఆరోపణ మన దేశంలో ప్రతి సిస్టర్ మీదా వస్తుంది. ఆ మాట ఎత్తకుండా రాస్తే పాఠకుడు మనసులో అదే అడుగుతాడు. సిస్టర్లనే సూటిగా అడుగు, వాళ్ల జవాబు వెయ్యి, ఆ ఊరివాళ్లని విడిగా కూర్చోబెట్టి అడుగు. జార్ఖండ్‌లో బొగ్గు గనులకు భూములు పోయిన సంతాల్ ఆదివాసుల పక్షాన నిలబడ్డ సిస్టర్ వల్సా జాన్‌ని 2011 నవంబరులో చంపారు. అంతకుముందు కంపెనీతో ఒప్పందం కుదిరింది, ఆ తర్వాత ఊళ్లోనే చీలికలొచ్చాయి, దాడి చేసినవాళ్లలో స్థానికులున్నారు. "కంపెనీ వర్సెస్ సిస్టర్" అని రాసేస్తే సులువే గానీ, అది సగమే అవుతుంది. ఇంకొకటి, 2018 సెప్టెంబరులో కొచ్చిలో అయిదుగురు సిస్టర్లు తమ తోటి సిస్టర్‌పై అత్యాచారం చేశాడన్న ఆరోపణ ఉన్న ఒక బిషప్‌ని అరెస్టు చెయ్యాలంటూ రోడ్డు మీద కూర్చున్నారు. 2022 జనవరిలో కింది కోర్టు ఆయన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. రెండూ రాయి, తీర్పు నువ్వు చెప్పకు. బయటి ఆసామిని ఎదిరించడం వేరు, తమకు అన్నం పెట్టే వ్యవస్థని ఎదిరించడం వేరు. ఈ రెండో ధైర్యం గురించి తెలుగులో వచ్చింది తక్కువ.

పేజీలు తగ్గించు. పన్నెండు అక్కర్లేదు, ఏడు చాలు. గల్ఫ్ నుంచి వచ్చినామె పేరు మార్చడంతో సరిపెట్టకు, ఊరి పేరు, పిల్లల చదువు, వెళ్లిన ఏడాది కూడా తీసెయ్. ఏజెంటు ఇంకా ఆ వీధిలోనే తిరుగుతుంటాడు. అచ్చుకి ఇచ్చేముందు ఆమెకొకసారి చదివి వినిపించు, వద్దన్న ముక్కలు కొట్టెయ్. అది అయ్యాక నాకు పంపు.

మీ అమ్మగార్ని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు