రాత్రి కబడ్డీకి ఏ లెన్స్?

ప్రశ్న: నా దగ్గర కెనాన్ 1500డి, 55-250 లెన్స్ ఉన్నాయి. సంక్రాంతికి ఊళ్లో ఫ్లడ్‌లైట్ల కింద కబడ్డీ తీస్తే ఫొటోలన్నీ కదిలిపోయాయి. కెమెరా బాడీ మార్చాలా, లెన్సా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ముందు లెన్సే మార్చండి తమ్ముడూ. మీ లెన్స్ పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/5.6కి పడిపోతుంది (ఎఫ్ అంటే లెన్స్ రంధ్రం కొలత, ఆ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది). 70-200 ఎఫ్/2.8 లెన్స్‌కి మారితే నాలుగింతల వెలుతురు. 1/250 సెకనులో తీసేది 1/1000 సెకనులో తీయొచ్చు, కదలిక అంత తక్కువగా కనిపిస్తుంది. రైడర్ బోనస్ గీత మీదికి కాలు చాపినప్పుడు లేచే మట్టి కూడా విడివిడిగా కనిపిస్తుంది. ఆ ఫొటో కోసం నేను రాత్రంతా కూర్చుంటాను! కొత్తది బాగా ఖరీదు. నేను సెకండ్‌హ్యాండ్‌లోనే తీసుకున్నాను, లోపల ఫంగస్ లేదని టార్చి వేసి చూసుకున్నాకే డబ్బిచ్చాను.

మీ బాడీ సెకనుకు 3 ఫొటోలే తీస్తుంది, కెనాన్ 90డి అయితే 10. అది వచ్చే ఏడాది చూసుకోవచ్చు. ఈలోగా ఐఎస్ఓ (తక్కువ వెలుతురులోనూ ఫొటో ప్రకాశవంతంగా వచ్చేలా పెంచుకునే సెట్టింగ్) 3200 పెట్టడానికి టెన్షన్ పడకండి.