ఆరోగ్య వివరాలు కంపెనీలకు ఇవ్వొచ్చు, ముందు మా రిపోర్టు మాకివ్వాలి

ప్రజల ఆరోగ్య వివరాలు పరిశోధనకీ ప్రైవేటు కంపెనీలకీ ఇస్తే మేలా కీడా అని అడిగారు. నేనైతే ఇవ్వాలనే అంటాను. కానీ రక్తం ఇచ్చిన మనిషికి ఫలితం అందాకే అది కంపెనీకి పోవాలి.

మాది ప్రకాశం జిల్లా, దర్శి వైపు పల్లె. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగి పెరిగినవాళ్లం, పళ్ల మీద గార చూస్తేనే తెలిసిపోతుంది. ఒకసారి రామాలయం దగ్గర షామియానా వేసి ఉచిత వైద్య శిబిరం పెట్టారు. మా అమ్మ ఏమీ తినకుండా పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడింది. రక్తం తీశారు, మూత్రానికి డబ్బా ఇచ్చారు, పళ్లకి ఫోటో తీశారు, ఏ బోరు నీళ్లు తాగుతారో రాసుకున్నారు. ఫోన్‌కి ఓటీపీ వస్తే చెప్పమన్నారు, చెప్పింది. ట్యాబులో ఇంగ్లీషులో పేజీలకి పేజీలు ఉంటే ఆ అబ్బాయి వేలితో సర్రున కిందికి జరిపేసి "ఇక్కడ నొక్కమ్మా" అన్నాడు. ఇదంతా దేనికి బాబూ అని నేనడిగితే "ఏం లేదన్నా, శిబిరం కోసమే" అన్నాడు. రిపోర్టులు ఆశా వర్కర్‌కి పంపిస్తామన్నారు, పంపలేదు. ఊరంతా ఆమెను తిట్టారు, పాపం ఆమె చేతిలో ఏముంది?

తర్వాత అమ్మకి కాళ్లు వాచి ఒంగోలు తీసుకెళ్తే డాక్టరు గారు మొదట అడిగిందే "పాత క్రియాటినిన్ ఎంత ఉందమ్మా?" అని. అది కిడ్నీ పనితీరు కోసం రక్తంలో చూసే లెక్క. కిడ్నీ ఎంత కాలంగా, ఎంత వేగంగా దెబ్బతింటోందో దాన్నిబట్టే తెలుస్తుందట. శిబిరం చీటీ మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే "అది ప్రాజెక్టు డేటా సార్, బయటివాళ్లకి ఇవ్వం" అన్నారు. మా అమ్మ రక్తం లెక్కకి మా అమ్మ బయటిదా? మా కడుపు మండిపోయింది.



మా వైపు జనం ఒంటి వివరాలు లోకానికి ఇవ్వడం కొత్తేం కాదు. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ డాక్టర్లు అప్పటి నెల్లూరు జిల్లాలో, నడుములు బిగుసుకుపోయినవాళ్లని పరీక్షించి, నీళ్లలోని ఫ్లోరైడే కారణమని వైద్య పత్రికలో అచ్చేశారు. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కాబట్టి అప్పటికి మేమూ నెల్లూరు వాళ్లమే. ఆ తర్వాత నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన) సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి తయారుచేసింది. అవన్నీ అందరికీ అందుబాటులో పెట్టారు.

అలాగని కంపెనీలు వద్దనను. షుగర్ వల్ల కంటి వెనక పొర దెబ్బతింటే ఫోటో చూసి పట్టేసే ప్రోగ్రామ్‌ని గూగుల్ వాళ్లు 2016లో చూపించారు, దానికి మదురై అరవింద్ లాంటి మన కంటి ఆస్పత్రుల ఫోటోలూ వాడారు. కంటి డాక్టరే లేని మా పీహెచ్‌సీ లాంటి చోటికి అలాంటిది వస్తే అంతకన్నా ఏం కావాలి? అంత ఖర్చు పెట్టి ఇలాంటివి చేయాలంటే కంపెనీలే చేయగలవు, లాభం కూడా తీసుకోనివ్వండి.

2023లో కేంద్రం చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో అనుమతి కాగితం తెలుగులో చదువుకునే వీలు ఉండాలని, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవచ్చని రాసి ఉంది. శిబిరాల దగ్గర అది గట్టిగా అడగండి. ఇంకోటి, పేర్లు తీసేస్తాం, భయం లేదంటారు చూడండి, అది పట్నంలో చెల్లుతుందేమో. మా ఊళ్లో "అరవై ఏళ్ల ఆడమనిషి, డయాలసిస్" అని రాస్తే పేరెందుకు, చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. అందుకే బోర్లలో ఫ్లోరైడ్ లెక్క ఊరివారీగా గ్రామ సచివాలయం గోడ మీద పెట్టాలి, రోగుల లెక్క మాత్రం మండలం మొత్తానికి కలిపి ఇవ్వాలి, అంతకన్నా చిన్నగా విడగొట్టి ఎవరికీ ఇవ్వకూడదు.