కోర్టు కేసులే చూసిన చిన్న లా ఆఫీసుకి కంపెనీ డీల్స్ నేర్పడం ఎలా? నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: ఆఫీసులో నలుగురే లాయర్లు, ఇన్నాళ్లూ సివిల్ కేసులే చూశారు. ఇప్పుడు పాత క్లయింటు ఒకరు ఇంకో చిన్న కంపెనీని కొనబోతూ, ఆ పని కూడా మీరే చూడండి అంటున్నారు. జూనియర్లకు ఈ పని ఎక్కడి నుంచి నేర్పాలి, ఈ డీల్ ఒప్పుకోవచ్చా? నేను పద్నాలుగేళ్లు ఈ పనే చేసి, గత ఆరేళ్లుగా మీలాంటి చిన్న ఆఫీసుల్లో కూర్చుని నేర్పిస్తున్నాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

దయచేసి క్లాజుల మీద క్లాసులతో మొదలుపెట్టకండి. ఈ వారం వారంటీలు (కంపెనీ గురించి అమ్మేవాళ్లు ఇచ్చే హామీలు), వచ్చే వారం ఇండెమ్నిటీ (ఫలానా నష్టం వస్తే భరిస్తామనే మాట) అంటూ మొదటి రెండు ఆఫీసుల్లో నేనూ అలాగే చేశాను. పిల్లలు శ్రద్ధగా నోట్సు రాసుకున్నారు. మూడు నెలలయ్యాక నిజమైన షేర్ల కొనుగోలు అగ్రిమెంట్ చేతికిస్తే, మొదటి పేజీ నుంచి భాష దిద్దుకుంటూ పోయారు. ఆ తప్పు వాళ్లది కాదు, నాది. డీల్ ముగిసే రోజు ఏ కాగితంతో ఏం పని పడుతుందో వాళ్లకి నేను చూపించలేదు.

ఇప్పుడు నేను వెనక నుంచి ముందుకు నేర్పుతున్నాను. ముగిసిపోయిన డీల్ ఫైలు ఒకటి బల్ల మీద పెట్టి, క్లోజింగ్ రోజు చెక్‌లిస్టుతో మొదలుపెడతాను. అలాంటి ఫైలు ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. పరిచయమున్న సీనియర్ ఎవరైనా తన క్లయింటు అనుమతి తీసుకుని, పేర్లూ అంకెలూ తీసేసి ఇస్తే అంతకన్నా మంచిది లేదు. లేదంటే అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ నడిపే ఎడ్గార్ వెబ్‌సైట్‌లో, లిస్టెడ్ కంపెనీలు దాఖలు చేసిన కొనుగోలు అగ్రిమెంట్లు పూర్తి పాఠంతో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో డిస్‌క్లోజర్ షెడ్యూళ్లు (వారంటీలకు మినహాయింపులు రాసే జాబితాలు) చాలాసార్లు ఉండవు, పైగా అవి పెద్ద డీల్స్. మీ దేశపు చట్టం వేరు కావచ్చు కూడా. అయినా అగ్రిమెంట్ అస్థిపంజరం ఎలా ఉంటుందో కళ్లారా చూడటానికి అవి చాలు.

చెక్‌లిస్టులో ఒక్కో వరుస తీసుకుని జూనియర్‌ని నాలుగే ప్రశ్నలు అడగండి. ఈ కాగితం ఎవరు తయారు చేయాలి? ఎవరు సంతకం పెట్టాలి? ఏది అయ్యాక ఏది? అగ్రిమెంట్‌లో ఏ క్లాజు వల్ల ఇది అవసరమైంది? ఈ నాలుగో ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వాళ్లే అగ్రిమెంట్‌లోకి వెళతారు. డైరెక్టర్ రాజీనామా లేఖ ఎందుకు, బ్యాంకు ఇచ్చే తాకట్టు విడుదల పత్రం ఎందుకు, బోర్డు తీర్మానం తేదీ అగ్రిమెంట్ తేదీకి ముందే ఎందుకు ఉండాలి అని వాళ్లే అడుగుతారు. అలా తామే వెతికి పట్టుకున్న క్లాజుని ఎవరూ మర్చిపోగా నేను చూడలేదు.

చెక్‌లిస్టు గుమాస్తా పని అనుకునే సీనియర్లు ఇంకా ఉన్నారు. వాళ్లకి నేను జనరల్ మోటార్స్ అప్పు సంగతి చెబుతాను. 2008లో ఆ కంపెనీ సుమారు 30 కోట్ల డాలర్ల లీజు ఫైనాన్సింగ్ ఒకటి తీర్చేస్తూ, దానికి సంబంధించిన తాకట్టు నమోదులను రద్దు చేయించాల్సి వచ్చింది. రిజిస్టర్ వెతికితే మూడు నమోదులు కనబడ్డాయి. అందులో రెండే ఈ లీజువి. మూడోది వేరే అప్పుది, 150 కోట్ల డాలర్ల టర్మ్ లోన్‌ది. ఆ మూడూ చెక్‌లిస్టులోకి ఎక్కాయి, మూడింటికీ రద్దు పత్రాలు తయారయ్యాయి, రెండు పక్షాల లాయర్లూ చూసి సరేనన్నారు. మరుసటి ఏడాది జనరల్ మోటార్స్ దివాలాకి వెళ్లాక గానీ పొరపాటు బయటపడలేదు. ఆ పత్రాల దాఖలుకు టర్మ్ లోన్ చూసే బ్యాంకు తరఫున అనుమతి ఉంది కాబట్టి, బ్యాంకు ఉద్దేశం అది కాకపోయినా రద్దు చెల్లుతుందని 2015లో అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది. ఇది చట్టం తెలియక జరిగిన తప్పు కాదు. ఒక వరుసలో ఉన్న నమోదు ఏ అప్పుదో తెరిచి చూసినవాళ్లు లేక జరిగింది. జూనియర్లకు ఇది చెప్పాక, వాళ్లు చెక్‌లిస్టు పట్టుకునే తీరే మారిపోతుంది.

ఆ తర్వాత డ్యూ డిలిజెన్స్, అంటే కొనేముందు ఆ కంపెనీ కాగితాలన్నీ పరిశీలించడం. ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. కోర్టు పనిలో పెరిగినవాళ్లు ఒప్పందాన్ని చూడగానే దీని మీద దావా పడితే ఎవరు గెలుస్తారని చదువుతారు. డీల్‌లో చదవాల్సింది వేరు: ఈ కంపెనీ చేతులు మారిన మర్నాడు ఈ ఒప్పందం బతికి ఉంటుందా?

ఒక ఆఫీసులో జరిగింది చెబుతాను. కొనబోయే కంపెనీకి అరవై దాకా ఒప్పందాలున్నాయి. రెండేళ్ల అనుభవమున్న జూనియర్ ఒకమ్మాయి వాటన్నిటికీ చక్కటి పట్టిక వేసింది. పార్టీల పేర్లు, తేదీ, గడువు, మొత్తం, ఒక్క ఖాళీ లేదు. నేను పైన చెప్పిన ప్రశ్న ఒక్కటే అడిగాను. ఆమె కాసేపు పట్టిక వైపే చూసి, మళ్లీ మొదటి ఫైలు తెరిచింది. ఈసారి నాలుగు రోజులు పట్టింది. అమ్మకాల్లో మూడో వంతు తెచ్చే కస్టమర్ ఒప్పందం 31 పేజీలు. అందులో యాజమాన్యం మారడం గురించి ఒక్క ముక్క లేదు. దాని వెనకాల రెండు పేజీల సవరణ లేఖ ఉంది, అడ్డంగా స్కాన్ చేసి పెట్టారు. తల పక్కకి వంచి స్క్రీన్ మీద ఆ లేఖ చదువుతూ ఆమె ఒక్కసారి ఆగిపోవడం నాకింకా గుర్తుంది. రెండో పేరాలో ఉంది: సగానికి పైగా షేర్లు చేతులు మారితే ముప్పై రోజుల నోటీసుతో కస్టమర్ ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. కస్టమర్ రాతపూర్వక అంగీకారం వచ్చాకే డబ్బు చెల్లించేలా షరతు పెట్టించాం. ఆ రోజు నుంచి ఆమె ఏ ఒప్పందాన్నైనా వెనక జతచేసిన కాగితాల నుంచే చదవడం మొదలుపెట్టింది.

వారంటీలూ ఇండెమ్నిటీ నేర్పేటప్పుడు సిద్ధాంతం తక్కువ, లెక్కలు ఎక్కువ ఉండాలి. ధర 100 అనుకోండి. అమ్మేవాళ్ల బాధ్యతకు పైపరిమితి 20. నష్టం 1 దాటితేనే క్లెయిమ్ చేయాలి. గడువు 18 నెలలు. ఇప్పుడు నష్టం 3 వచ్చింది, ఎంత వస్తుంది? ఆ 1 దాటగానే మొత్తం ఇవ్వాలని రాసుకుంటే 3 వస్తుంది, దాటినంతే ఇవ్వాలని రాసుకుంటే 2 వస్తుంది. నష్టం 35 అయితే? ఎలా రాసుకున్నా 20 దగ్గర ఆగిపోతుంది, మిగతా 15 కొన్నవాళ్ల నెత్తినే. పందొమ్మిదో నెలలో తెలిస్తే సున్నా. మోసం ఉంటే ఈ పరిమితులు వర్తించవని రాశారా లేదా? ఇలా పది లెక్కలు చేయించండి. అగ్రిమెంట్ అనేది ఏదైనా చెడితే ఎవరి జేబులోంచి ఎంత, ఎప్పటిదాకా పోతుందో పంచుకునే కాగితమని అప్పుడు అర్థమవుతుంది. డబ్బు కొంత ఎస్క్రోలో, అంటే మూడో మనిషి దగ్గర, ఎందుకు పెడతారో వేరే చెప్పక్కర్లేదు. అమ్మినవాళ్లు డబ్బు ఖర్చుపెట్టేశాక క్లెయిమ్ గెలిచి ఏం లాభమని వాళ్లే అంటారు.

మాట ఎంత బిగువుగా ఉండాలో చూపించడానికి వుడ్ వర్సెస్ క్యాపిటా తీర్పు చదివించండి, బ్రిటన్ సుప్రీంకోర్టు 2017లో ఇచ్చింది. క్యాపిటా 2010లో ఒక ఇన్సూరెన్స్ బ్రోకర్ కంపెనీని కొంది. పాలసీల అమ్మకంలో జరిగిన అక్రమాలపై వచ్చే క్లెయిములు, ఫిర్యాదుల నష్టం అమ్మినవాళ్లు భరించాలని ఇండెమ్నిటీ ఉంది. కొన్నాక లోపాలు బయటపడ్డాయి, కంపెనీ తానే వెళ్లి రెగ్యులేటర్‌కి చెప్పింది, కస్టమర్లకు పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. కస్టమర్లెవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి ఇండెమ్నిటీ వర్తించదని కోర్టు చెప్పింది. వారంటీల కింద అడుగుదామంటే దానికి రెండేళ్ల గడువుంది. ఆ క్లాజుని జూనియర్లకిచ్చి, తీర్పు చెప్పకుండా, కొనేవాళ్ల తరఫున తిరిగి రాయమనండి. ఒక సాయంత్రమంతా దీనికే పోతుంది, పోనివ్వండి.

పాత డ్రాఫ్టుల గురించి నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు మొదలుపెట్టిన మూడో ఏట కొనేవాళ్ల తరఫున పనిచేస్తూ, ఆఫీసులో ఉన్న పాత అగ్రిమెంట్‌ని తీసుకుని పేర్లు మార్చాను. అది అమ్మేవాళ్ల కోసం రాసిన డ్రాఫ్టు. ప్రతి వారంటీ ముందూ ‘అమ్మకందారుకు తెలిసినంతవరకు’ అని ఉంది. నేను గమనించలేదు. అవతలి లాయరు ఎందుకు చెబుతాడు? ఏడాది తర్వాత పన్ను బకాయి బయటపడింది, మాకు తెలియదని వాళ్లన్నారు. మా క్లయింటు ఆ నష్టంలో చాలా భాగం తానే భరించాడు. ఆయన ముందు కూర్చుని విషయం చెప్పిన ఆ అరగంట నాకు ఇప్పటికీ బరువే. కాబట్టి మీరు దాచుకునే ప్రతి నమూనా మొదటి పేజీలో మూడు ముక్కలు రాసి పెట్టండి: ఎవరి పక్షాన రాసింది, ఏ రకం డీల్, బేరంలో ఏమేం వదులుకున్నది.

వస్తువుల కొనుగోలు ఒప్పందాలు కూడా మీ దగ్గరకు వస్తాయి. వాటిలో సరిహద్దు దాటే సరుకుంటే రెండు విషయాలు తప్పక నేర్పండి. 1980 నాటి వియన్నా అమ్మకాల ఒప్పందంలో చేరిన దేశాల మధ్య, వద్దని రాసుకోకపోతే అదే వర్తించవచ్చు. ‘ఎఫ్‌ఓబీ’ (సరుకు ఓడ ఎక్కేదాకా అమ్మేవాళ్ల బాధ్యత) లాంటి మాట వాడితే పక్కనే రేవు పేరూ, ‘ఇన్‌కోటర్మ్స్ 2020’ (అలాంటి మాటల అర్థం చెప్పే అంతర్జాతీయ నియమాలు) అనీ ఉండాలి.

బేరం దగ్గర కోర్టు లాయర్లకు అలవాటు మార్చుకోవడం కష్టం. అవతలివాళ్లు పంపిన డ్రాఫ్టులో ప్రతి లైనూ ఎర్ర సిరాతో దిద్ది పంపితే పని బాగా చేసినట్టు అనిపిస్తుంది. కానీ ఇక్కడ అవతలివాడు ప్రతివాది కాదు, రేపు మన క్లయింటుకి వ్యాపారం అప్పగించాల్సినవాడు. మార్పులు పంపే ముందు జూనియర్ వాటిని మూడు గుంపులు చేయాలి: ఇది లేకపోతే డీల్ వద్దు, ఇది ఉంటే బాగుంటుంది, ఇది వదిలేయొచ్చు. మొదటి గుంపులో పది దాటితే క్లయింటుతో కూర్చుని మళ్లీ తగ్గించాలి. ఏది ముఖ్యమో చెప్పాల్సింది క్లయింటే.

క్లోజింగ్ రోజు గురించి ఒక హెచ్చరిక. ‘బ్యాంకు ఖాతా మారింది, కొత్త నంబరుకి పంపండి’ అని ఆఖరి గంటలో మెయిల్ వస్తే, ఆ మెయిల్లో ఉన్న ఫోన్ నంబరుకి చేయకూడదు. మన ఫైల్లో ముందు నుంచీ ఉన్న నంబరుకే ఫోన్ చేసి, గొంతు విని నిర్ధారించుకోవాలి. అందరూ టెన్షన్‌లో ఉండే సమయం చూసే మోసగాళ్లు ఆ మెయిల్ పంపుతారు.

ఇక ఈ డీల్ ఒప్పుకోవచ్చా అన్నారు. ఒప్పుకోండి, కానీ ఒంటరిగా కాదు. ఈ పని చేసి ఉన్న లాయరు ఒకరిని క్లయింటుకి చెప్పి, ఫీజు ముందే మాట్లాడి, పక్కన పెట్టుకోండి. అగ్రిమెంట్ మొదటి డ్రాఫ్టు, డ్యూ డిలిజెన్స్ రిపోర్టు, క్లోజింగ్ చెక్‌లిస్టు, ఈ మూడూ ఆయన చూడనిదే బయటకు పోకూడదు. పన్నులు, పోటీ చట్టం అనుమతులు ఉంటే ఆ భాగం ఆ నిపుణులకే రాతపూర్వకంగా అప్పగించి, మీ ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో (పని ఒప్పుకుంటూ క్లయింటుకి రాసే లేఖలో) అది మీ పని కాదని స్పష్టంగా రాయండి. మీ వృత్తి బీమా ఈ రకం పనికి వర్తిస్తుందో లేదో కూడా సంతకం పెట్టకముందే కనుక్కోండి.

మీకు పెద్ద ఆఫీసులకు లేని బలం ఒకటుంది. ఆ క్లయింటు వ్యాపారం ఇన్నేళ్లుగా మీకు తెలుసు. ఎవరితో గొడవ పడ్డాడో, దేనికి భయపడతాడో తెలుసు. టర్మ్ షీటు (డీల్ ముఖ్య షరతులు రాసే చిన్న కాగితం) రాకముందే ఆయన్ని పిలిచి, జూనియర్లనీ కూర్చోబెట్టి, ఆ కంపెనీని ఎందుకు కొంటున్నాడో ఒక గంట చెప్పించుకోండి. కస్టమర్ల కోసమా, యంత్రాల కోసమా, అక్కడ పనిచేసే మనుషుల కోసమా? యంత్రాల కోసమే అయితే మొత్తం కంపెనీ కొనకుండా ఆస్తులే కొంటే పాత అప్పుల్లో చాలా భాగం తప్పించుకోవచ్చేమో చూడాలి. అందులో ఏవి చట్టప్రకారం వెంట వస్తాయో కూడా చూడాలి. మనుషుల కోసమైతే వాళ్ల ఉద్యోగ ఒప్పందాలు మొదట తెరవాలి. ఆ గంటలో రాసుకున్న నోట్సే మీ డ్యూ డిలిజెన్స్ జాబితా మొదటి పేజీ అవుతుంది. చెక్‌లిస్టు తయారయ్యాక పేర్లు తీసేసి ఇక్కడ పెడితే, వరుస వరుసా చూసి చెబుతాను.