భర్త అమెరికా పౌరుడు, భార్య తిరుపతిలో: గ్రీన్‌కార్డుకు ఎలా?

తిరుమలలో పెళ్లయి భార్య ఇక్కడే ఉన్నా, దరఖాస్తు మొదలుపెట్టాల్సింది భర్తే. భార్యతో తన బంధుత్వాన్ని చూపే ఐ-130 అనే దరఖాస్తును ఆయన అమెరికా ఇమిగ్రేషన్ శాఖకు వేయాలి. పౌరుల భార్యాభర్తలకు కోటా పరిమితి లేదు. పరిశీలనకు పట్టే కాలమే ఆలస్యం.

చిక్కంతా కాగితాల దగ్గరే. కల్యాణ మండపం రసీదు, ఫొటోలు చాలవు. రిజిస్ట్రార్ ఇచ్చిన వివాహ ధ్రువపత్రం ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పదో తరగతి మార్కుల జాబితాలో ఒక్క పొడి అక్షరంగా ఉండటం మనవైపు మామూలే. ఆ తేడాను ముందే సరిచేయించుకోండి. పుట్టుక నమోదు కాకపోతే, నమోదు లేదనే పత్రంతో పాటు స్కూలు రికార్డు జతచేయాలి.

ఐ-130 ఆమోదం పొందాక, ఇంటర్వ్యూకు ముందు కాగితాలు పరిశీలించే అమెరికా ప్రభుత్వ కార్యాలయం నేషనల్ వీసా సెంటర్‌కు వీసా దరఖాస్తుకు 325, ఆర్థిక హామీ పత్రం పరిశీలనకు 120 డాలర్ల ఫీజులు, భార్య ఆన్‌లైన్‌లో నింపే వీసా దరఖాస్తు డీఎస్-260, భార్య పోషణకు భర్త ఇచ్చే ఆర్థిక హామీ పత్రం ఐ-864 పంపాలి. ఆయన ఆదాయం అమెరికా ప్రభుత్వ పేదరిక ప్రమాణానికి 125 శాతం లేకపోతే జాయింట్ స్పాన్సర్, అంటే ఆయనతో పాటు హామీ ఇచ్చే మరొకరు, కావాలి. చాలా ఫైళ్లు ఆగేది ఇక్కడే. భార్యపై కేసులు లేవని చెప్పే పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో తీసుకోవాలి. వీసా ఇంటర్వ్యూ మాత్రం ముంబైలోని అమెరికా కాన్సులేట్‌లో. హైదరాబాద్ దగ్గర కదా అనుకుంటే కుదరదు.

అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే వచ్చేది 2 ఏళ్ల షరతుల కార్డే. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఆ షరతులు తీసేయమని కోరే ఐ-751 వేయాలి.