ఏనుగుల మోడల్ రన్ చేసేముందు ఇది చదువు తల్లీ

అడవిలో ఎన్ని ఏనుగులు బతుకుతాయో లెక్కేసే మోడల్ కోసం నువ్వు పంపిన షీట్ రాత్రి కూర్చుని మొత్తం చూశా తల్లీ. అడవిలో మేతంతా కూడి, ఏనుగుకి రోజుకి 150 కిలోలు చొప్పున భాగించి ఇన్ని బతుకుతాయని తేల్చేశావు. ఇక్కడే ఆగు.

మేత ఉంటే సరిపోదు, అందాలి. ఎండాకాలంలో పిల్లతల్లి నీళ్ళు వదిలి దూరం పోలేదు, కాబట్టి నీళ్ళ దగ్గరున్న మేతే దాని మేత, ఎక్కడో దూరాన పచ్చగా ఎంతున్నా దాని కడుపు నిండదు. సంవత్సరం సగటు వాడకు, ఎండాకాలం చివరి నెలల లెక్క విడిగా పెట్టు, తిన్నదాంట్లో సగం కూడా అరగని జంతువు అది, ఎండుగడ్డితో ఏం బలం వస్తుంది.

అసలు సంగతి వయసులు. ఏనుగులన్నిటినీ ఒకే అంకెగా పెట్టకు, వయసువారీగా, ఆడామగా వేరుగా పెట్టు. 1970-71లో కెన్యాలోని సావోలో కరువొచ్చి వేల ఏనుగులు పోయాయి, వాటిల్లో ఎక్కువ ఆడవీ పిల్లలే. తల్లికి మేత లేకపోతే ముందు పాలు తగ్గుతాయి, పాలమీదే బతికే పిల్ల తట్టుకోలేదు. ముసలివాటిది ఇంకో బాధ. బాగా అరిగిపోయిన దవడ పన్ను ఒకటి నేను చేత్తో పట్టుకుని చూశా, పైన ఉండాల్సిన గట్లన్నీ పోయి నున్నగా అయిపోయింది. ఏనుగుకి దవడ పళ్ళు ఆరు విడతలే, ఆఖరివి కూడా అరిగాక ఎదురుగా మేతున్నా నమల్లేదు, అందుకే ఆ వయసులో చావుల రేటు పెంచాలి.

ఇంకోటి, ఇది మాత్రం మర్చిపోకు. మేత తగ్గిన ఏడాది ఆడ ఏనుగు ఎదకు రాదు, కడుపుతో ఉండేది 22 నెలలు, అంటే ఈ ఏటి కరువు పుట్టే పిల్లల లెక్కలో కనపడేది దాదాపు రెండేళ్ళ తర్వాత. నువ్వేమో ఈ ఏటి వానకీ ఈ ఏటి పిల్లలకీ ముడిపెట్టావు, సంబంధం కనపడట్లేదని బాధపడుతున్నావు, ఎలా కనపడుతుంది చెప్పు. మామూలుగా నాలుగైదేళ్ళకో ఈత, మేత చాలకపోతే అది ఇంకా సాగుతుంది, తొలిచూలు కూడా ఆలస్యమవుతుంది.

వలసని కూడా విడిగా రాయి, లేకపోతే పక్క అడవికి వెళ్ళినవాటిని చచ్చిపోయినట్టు లెక్కేస్తావు. బయటినుంచి ఏవీ రాకుండానే మోడల్ ఏడాదికి 7 శాతం దాటి పెరుగుదల చూపిస్తే ఎక్కడో తప్పు జరిగినట్టే, వెనక్కెళ్ళి వెతుకు.

ముందు షీట్‌లో వాన అంకెల వరసని రెండేళ్ళు జరిపి, ఈ ఏటి వాన రెండేళ్ళ తర్వాతి పిల్లల పక్కన వచ్చేలా పెట్టి రన్ చెయ్, ఆ గ్రాఫ్ పంపు, ఆదివారం ఫోన్‌లో కూర్చుని చూద్దాం.

మీ బాబాయి