పాప గుండెలో మర్మర్ వినిపిస్తోందన్నారు, భయపడాలా?

మీ నాలుగేళ్ళ పాపకి జ్వరమని వెళ్తే డాక్టర్ గారు స్టెతస్కోపు పెట్టి చూసి "మర్మర్ (గుండె చప్పుళ్ళ నడుమ వినిపించే అదనపు మోత) ఉంది, ఎకో (గుండె స్కానింగ్) తీయించండి" అన్నారనీ, అప్పట్నుంచీ నిద్ర పట్టడం లేదనీ రాశారు. ఇదే టెన్షన్ నేనూ పడ్డానండి, మా బాబు ఐదో ఏట.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఊళ్ళో చూపిస్తే చొక్కా మీద నుంచే అర నిమిషం విని, నెమ్ము చేసిందన్నారు. జ్వరం తగ్గకపోయేసరికి కాకినాడ తీసుకెళ్ళాం. అక్కడ పిల్లల డాక్టరమ్మ ముందు ఫ్యాను ఆపించారు. చొక్కా విప్పించి, చల్లగా తగలకుండా స్టెతస్కోపు బిళ్ళని అరచేత్తో రుద్ది, ఎడమ రొమ్ము కింద, ఛాతీ ఎముక పక్కన, మెడ దగ్గర, వీపు మీద విన్నారు. పడుకోబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి. నా మొహం చూసి "మీరూ వినండమ్మా" అంటూ నా చెవులకి తగిలించారు.

లబ్... డబ్. గుండె లోపల కవాటాలు మూసుకునే చప్పుళ్ళట అవి. ఆ రెండింటి నడుమ తీగ మీటినట్టు సన్నటి మోత, అదే మర్మర్! నాకు కాళ్ళు వణికాయి. కానీ వాణ్ణి లేపి కూర్చోబెడితే ఆ మోత సగానికి సగం తగ్గిపోయింది.

"లాకుల దగ్గర చూస్తారుగా, కాలవ నిమ్మళంగా పారితే చప్పుడుండదు, నీరు జోరందుకుంటే హోరు. జ్వరంలో రక్తమూ అంతే. పిల్లల ఛాతీ పలచన, మంచి గుండెలోనూ వినపడుతుంది" అన్నారావిడ. రక్తం తక్కువైనా వినిపిస్తుందట. అయితే కవాటం సన్నబడినా, లీకైనా, గుండెలో చిల్లున్నా మోత వస్తుంది. అందుకే ఎకో. మావాడికి అంతా నార్మల్ అని వచ్చింది. జ్వరం తగ్గాక మళ్ళీ వింటే ఆ మోత ఉండీ లేనట్టుంది.

మీరు మాత్రం వాయిదా వేయకండి. ఆడుకుంటూ ఆయాసపడుతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా, గొంతునొప్పి వచ్చిన కొన్నాళ్ళకి కీళ్ళు వాచినా వెంటనే డాక్టర్ గారికి చెప్పండి. గొంతునొప్పి తర్వాత వచ్చే ఆ కీళ్ళ జ్వరం కవాటాలని పాడుచేస్తుంది. ఎకోకి సూది ఉండదు, రేడియేషన్ ఉండదు. ముందు గుండీలున్న గౌను వేయండి. ఛాతీకి రాసే జెల్ చల్లగా ఉంటుందని పాపకి ముందే చెప్పండి, మావాడు దానికే ఏడ్చాడు.

రిపోర్టు వచ్చాక ఒక్క మాట రాయండి, చూస్తుంటాను.