సూపర్ డెలిగేట్లని ‘ఎన్నిక కాని ప్రతినిధులు’ అనొచ్చా?

సందేహం: అమెరికాలో అధ్యక్ష పదవికి అభ్యర్థిని ఎన్నుకునే డెమోక్రటిక్ పార్టీ మహాసభలో ఉండే సూపర్ డెలిగేట్ల గురించి తెలుగులో రాసేటప్పుడు కొందరు ‘ఎన్నిక కాని ప్రతినిధులు’ అంటున్నారు, కొందరు ‘నామినేటెడ్ ప్రతినిధులు’ అంటున్నారు. ఏది కరెక్టండీ?

సమాధానం: రెండూ వద్దండీ. మొదటిది చదివితే జనం ఓటుతో సంబంధం లేనివాళ్ళెవరో దొడ్డిదారిన వచ్చి కూర్చున్నారనిపిస్తుంది, కానీ వాళ్ళలో సెనెటర్లు, ప్రతినిధుల సభ సభ్యులు, గవర్నర్లు ఉంటారు, వీళ్ళంతా ప్రజల ఓట్లతో గెలిచినవాళ్ళే కదా, వాళ్ళతోపాటు పార్టీ నేషనల్ కమిటీ సభ్యులు, మాజీ అధ్యక్షులు లాంటి పెద్దలు. ప్రైమరీల (అభ్యర్థి ఎవరో తేల్చడానికి రాష్ట్రాల్లో జరిగే పార్టీ ఎన్నికల) ఫలితాన్ని బట్టి రానిది వాళ్ళ డెలిగేట్ హోదా ఒక్కటే, అది పదవితో పాటు దానంతటదే వచ్చేస్తుంది. ‘నామినేటెడ్’ అంటే ఇంకా తప్పు, నామినేటెడ్ ఎమ్మెల్సీ అనగానే గవర్నర్ నియమించినాయన అని మనకి అర్థమవుతుంది, వీళ్ళని డెలిగేట్లుగా ఎవరూ నియమించరు.

దీనికి మనదగ్గర మాట ఎప్పట్నుంచో ఉంది. మున్సిపల్ ఛైర్మన్ ఎన్నిక రోజున వార్డుల్లో గెలిచిన కౌన్సిలర్లతోపాటు ఎమ్మెల్యే, ఎంపీ కూడా వచ్చి చెయ్యెత్తి ఓటేస్తారు చూడండి, వాళ్ళని ఎక్స్ అఫీషియో సభ్యులంటాం, పదవీరీత్యా సభ్యులని కూడా రాస్తాం. అలాగే ‘పదవీరీత్యా ప్రతినిధులు’ అనండి, చక్కగా సరిపోతుంది. ‘రీత్యా’ అనేది ‘రీతి’కి సంస్కృతంలో తృతీయా విభక్తి రూపం, అందులోనే ‘చేత, వల్ల’ అనే అర్థం ఉంది కాబట్టి ‘రీత్యాగా’ అని ఇంకో ‘గా’ తగిలించకండి, ఈమధ్య తెగ కనిపిస్తోంది. ‘కట్టుబాటు లేని ప్రతినిధులు’ అని కూడా ఒకచోట చూశాను, తెలుగులో కట్టుబాటు లేదంటే నడవడిక బాలేదని అర్థం, ముందుగా ఫలానావాళ్ళకి ఓటేస్తామని మాటివ్వలేదు అని చెప్తే సరిపోయేదానికి అంత నింద ఎందుకు?

ఇంకో ముఖ్యమైన సంగతి, క్రియ విషయంలో. ‘సూపర్ డెలిగేట్లే అభ్యర్థిని నిర్ణయిస్తారు’ అని ఇప్పటికీ రాస్తున్నారు, అది సరికాదు. 1968లో ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చెయ్యని హంఫ్రీకి షికాగో మహాసభలో అధ్యక్ష పదవికి టికెట్ ఇచ్చేసరికి గొడవై, పార్టీ పెద్దల పట్టు తగ్గించి ప్రైమరీలకి పెద్దపీట వేశారు, తీరా 1972లో పార్టీ అభ్యర్థి మెక్‌గవర్న్ ఒక్క మసాచుసెట్స్ రాష్ట్రమే గెలిచాడు, 1980లో కార్టర్ కూడా ఓడాక పెద్దల మాటకి మళ్ళీ కొంత చోటుండాలని పార్టీ వేసిన హంట్ కమిషన్ చెప్పింది, అలా 1984 నుంచి వీళ్ళొచ్చారు. 2016లో అన్నిటికంటే ముందు ఓటింగ్ జరిగిన అయోవా రాష్ట్రంలో ఇంకా ఓటు పడకముందే వందలమంది సూపర్ డెలిగేట్లు హిల్లరీ వైపు నిలబడటం, టీవీలవాళ్ళు ఆ లెక్కని ఆమె ఖాతాలో కలిపి చూపించడంతో ఆమెతో పోటీపడుతున్న శాండర్స్ మనుషులు భగ్గుమన్నారు, వాళ్ళ కోపంలో న్యాయముందనే నేననుకుంటాను. 2018లో రూల్ మార్చారు, ఇప్పుడు ఎవరికీ స్పష్టమైన మెజారిటీ లేకపోతే మహాసభలో మొదటి రౌండ్ ఓటింగ్‌లో వీళ్ళకి ఓటు లేదు, అక్కడ తేలకపోతేనే రెండో రౌండ్ నుంచి వేస్తారు. కాబట్టి ‘నిర్ణయిస్తారు’ బదులు ‘తేలకపోతే ఓటేస్తారు’ అనండి.

అన్నట్టు ‘పార్టీ అధ్యక్ష అభ్యర్థి’ అని కూడా రాయకండి, పార్టీ ప్రెసిడెంట్ పోస్టుకి పోటీ అనుకుంటారు, ‘అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థి’ అంటే ఆ తికమక ఉండదు.